ఉభయతారక పంపు

దిల్‌సుఖ్‌నగర్ శివార్లలో కృష్ణవేణి కాలనీకీ, సిలోయం బస్తీకీ మధ్యనున్న ఉమ్మడి బావి పంపు పనిచేయడం లేదంటూ కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఇది పచ్చి అబద్ధం. పంపు పనిచేస్తోంది. పొద్దున తిరుగుతోంది, మధ్యాహ్నమూ తిరుగుతోంది. చప్పుడు కూడా మునుపటికంటే తగ్గింది. అందులోంచి నీళ్లు రావడం లేదన్న మాట మాత్రం నిజమే. కానీ నీళ్లు రావడం, రాకపోవడం అనేది పంపు డిజైన్‌కు సంబంధించిన అనేక విషయాల్లో ఒకటి మాత్రమే. మిగతా విషయాల్లో సాధించిన ప్రగతిని కూడా ప్రజలు గమనించాలని ‘పంపు మెరుగుదల ఉభయప్రాంత సంఘం’ తరఫున మనవి చేసుకుంటున్నాను.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. పేరు భానుమూర్తి. మా నాన్నది తెలంగాణలోని కోదాడ, మా అమ్మది ఆంధ్రలోని జగ్గయ్యపేట. ఒక ఊళ్లో బస్సెక్కి కునుకు తీసేలోగా రెండో ఊరొస్తుంది. అయినా ఈ పంతొమ్మిది వందల అరవైతొమ్మిదో సంవత్సరంలో ఆ కాస్త దూరానికి చాలా విలువ వచ్చింది. నేను ఇక్కడివాణ్ణని ఆంధ్ర నుంచొచ్చిన కాలనీవాళ్లూ, అక్కడివాణ్ణని తెలంగాణ బస్తీవాళ్లూ నన్ను సమానంగా అనుమానిస్తారు. ఇంత నిష్పాక్షికుడు మళ్లీ దొరకడని పట్టుబట్టి కార్యదర్శిని చేశారు.

ముందు బావి సంగతి. ద్రాక్షతోట నరికి ప్లాట్లు వేసినప్పుడు తోట పోయింది గాని బావి మిగిలింది. మంచి లోతు బావి, ఎండాకాలం కూడా ఎండదు. దానిమీద అడ్డంగా ఒక దూలం, దూలానికి ఇనప గిలక, ఒక పెద్ద బొక్కెన ఉండేవి. బొక్కెన తోట కాలం నాటిది. ఒక్క మనిషి లాగితే పైకి రాదు. అందువల్ల అక్కడ ఒక వాడుక ఏర్పడింది. ముందొచ్చిన ఆడమనిషి బిందె దించి, తర్వాత వచ్చే మనిషి కోసం నిలబడుతుంది. వచ్చేది కాలనీ నుంచా, బస్తీ నుంచా అని చూడదు. ఇద్దరూ ఒకే చేంతాడు పట్టుకుని లాగుతారు. పైకొచ్చిన నీళ్లు చెరి సగం. దీన్ని జోడు పడటం అనేవాళ్లు. దీనికి నియమావళి గాని, అధ్యక్షుడు గాని లేరు.

బస్తీలో యెహెజ్కేలు భార్య రెబెక్క, కాలనీలో రిటైర్డ్ ఓవర్‌సీరు వెంకటేశ్వరరావుగారి భార్య సూర్యప్రభమ్మ తరచు జోడు పడేవాళ్లు. రెబెక్కది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె, ఇక్కడ బడిలో ఆయా పని. సూర్యప్రభమ్మది గుడివాడ వైపు. ఆవిడ ఇంటికెళ్లాక బిందెమీద పసుపునీళ్లు చిలకరించుకుని గాని లోపల పెట్టరని రెబెక్కకు తెలుసు.

“పసుపు జర ఎక్కువనే చల్లుకోన్రి ప్రభమ్మా, మా తాకుడు గట్టిగ అంటుకుంటది” అని నవ్వేది.

“ఊరుకోవే, అది మా అత్తగారి చాదస్తం, నాది కాదు” అని ఆవిడ కొంగు బిగించి చేంతాడు పట్టుకునేవారు. అత్తగారు పోయి చాలా ఏళ్లయింది.

ఆడవాళ్లు ఇలా చేతులు కాయలు కాసేలా నీళ్లు తోడుకోవడం చూసి రెండు వైపుల మగవాళ్లకూ మనసు చివుక్కుమంటూ ఉండేది. ఆ బాధను వాళ్లు ఏళ్ల తరబడి ఓర్పుతో భరించారు. చివరికి కాలనీలో చందాలు వేసి మోటారు కొన్నారు. పంపు పని పట్టాభికి అప్పగించారు.

పట్టాభికి ఎల్.బి.నగర్ దగ్గర విజయవాడ రోడ్డు మీద రేకుల షెడ్డు ఉంది. అతను తెనాలిలో పుట్టాడు. సరూర్‌నగర్‌లో కూడా పుట్టాడు. రెండో పుట్టుకకు ముల్కీ సర్టిఫికెట్ ఉంది. ఫలానావాడు ఈ గడ్డమీదివాడే, ఇక్కడి ఉద్యోగం ఇవ్వవచ్చునని ముద్ర వేసి ఇచ్చే కాగితం అది. దాంతో ఉద్యోగం సంపాదించి, కొన్నాళ్లు చేసి, విసుగొచ్చి మానేసి షెడ్డు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఒకే మనిషి రెండు ఊళ్లలో పుట్టడం వింతేమీ కాదు. ఒక్క ఊళ్లోనే పుట్టి, అక్కడే పెరిగి, ఆ కాగితం మాత్రం దొరకనివాళ్లు బస్తీ నిండా ఉన్నారు. యెహెజ్కేలు వాళ్లలో ఒకడు. మెట్రిక్ పాసై ఇటుకబట్టీలో పనిచేస్తున్నాడు.

పట్టాభి తెచ్చిన పంపు మామూలు పంపు కాదు. గుండ్రటి ఇనప డబ్బా, లోపల ఒక చక్రం, చక్రానికి గాడులు, ఆ గాడుల్లో ముందుకీ వెనక్కీ జారే ఐదు రెక్కలు. చక్రం డబ్బాకు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల ఒకవైపు చోటు ఎక్కువ, రెండోవైపు ఇరుకు. చక్రం తిరిగేటప్పుడు రెక్కలు చోటున్న దగ్గర నీళ్లను పట్టి, ఇరుకులోకి తోసుకుపోతాయి. ఇరుకులో నిలవలేక నీళ్లు గొట్టం ఎక్కుతాయి.

“నీళ్లయినా, నూనైనా, గాలైనా ఒకేలా లాగుతుందండీ. ద్రవాలకీ వాయువులకీ ఒకటే పంపు. దీనికి పక్షపాతం తెలీదు” అని పట్టాభి ప్రారంభోత్సవంలో చెప్పాడు. పక్షపాతం అన్న మాట అప్పటిదాకా బావి దగ్గర ఎవరికీ తోచలేదు.

ఆ సభకు ఇద్దరు అధ్యక్షులు. కాలనీ తరఫున వెంకటేశ్వరరావుగారు, బస్తీ తరఫున జంగయ్య పటేల్. పటేల్ బస్తీలో ఉండడు, మలక్‌పేటలో మేడలో ఉంటాడు. కానీ బస్తీలోని గుడిసెలన్నిటి కిరాయీ ఆయనకే వెళ్తుంది. కాబట్టి బస్తీ కష్టాలు ఆయనకు తెలిసినంతగా వేరొకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ కలిసి రిబ్బను కత్తిరించారు. గిలక ఊడదీశారు. పిల్లలు పడకుండా బావిమీద ఇనప జాలీ వేసి, రెండు తాళాలు బిగించి, తలొక తాళంచెవీ జేబులో వేసుకున్నారు.

ట్యాంకు కాలనీ పక్కన కట్టారు. దానికి రెండు వైపులా నల్లాలు పెట్టారు. కొంతకాలం నీళ్లు వచ్చాయి. ఆ కాలం గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. నీళ్లొస్తుంటే మీటింగులు జరగవు.

ఈలోగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బళ్లు మూతబడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. కర్ఫ్యూ పెట్టారు, ఎత్తేశారు, మళ్లీ పెట్టారు. తూటాలకు చదువుకునే కుర్రాళ్లు పడిపోయారు. వాళ్ల అమ్మల ఏడుపు గురించి పరాచికాలాడే నోరు నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. అంతటి దుఃఖాన్ని మా పెద్దలు తమకు చేతనైన పద్ధతిలో బావి దగ్గరికి తెచ్చారు.

ఒకరోజు జంగయ్య పటేల్ బావిగట్టు మీద నిలబడి ప్రసంగించాడు. “అన్నలారా, అక్కలారా! గీ పంపు నోరు వెట్టింది యే దిక్కు? మన బస్తీ దిక్కు! నీళ్లు కక్కుతున్నది యే దిక్కు? వాళ్ల కాలనీ దిక్కు! గుంజుడు మన దగ్గర, పోసుడు వాళ్ల దగ్గర! గీ చక్రం తిరుగుడు సుత మన దిక్కుకెల్లి వాళ్ల దిక్కుకే తిరుగుతున్నది. దీన్ని పంపంటరా, దోపిడంటరా?”

“పటేలా, ట్యాంకుకు మా దిక్కు గుడ నల్లాలున్నయి గదా. నీళ్లు మంచిగనే వస్తున్నయి” అంది రెబెక్క.

“నువ్వు ఊకో చెల్లె. వస్తున్నయని ఊకుంటెనే గింత అన్యాయం అయింది.”

దానికి జవాబుగా వెంకటేశ్వరరావుగారు కాలనీలో సభ పెట్టారు. “సోదర సోదరీమణులారా! మనం ఇక్కడికి పొట్ట చేత పట్టుకుని రాలేదు, మోటారు చేత పట్టుకుని వచ్చాం. మోటారు లేనిదే పంపు లేదు. పంపు లేనిదే నీళ్లు లేవు. కనుక శాస్త్రీయంగా చూస్తే ఈ నీళ్లు మన మోటారులోంచి పుట్టినవి!” అన్నారు. చప్పట్లు మోగాయి.

“ఏమండీ, మోటారు పెట్టకముందు నీళ్లు ఎక్కణ్ణుంచి పుట్టేవండీ?” అని వెనక వరసలోంచి సూర్యప్రభమ్మ అడిగారు. ఆ సభకూ రాతపని నాదే, ఆ ప్రశ్నను సభా కార్యక్రమాల్లో నమోదు చేశాను. తర్వాత తీర్మానం చేసి కొట్టేశాను.

పరిస్థితి చేయిదాటకుండా సంఘం ఏర్పడింది. పంపును పగలగొట్టాలని కొందరూ, తీసుకుపోవాలని కొందరూ అన్నా, మెరుగుపరచాలన్న అభిప్రాయమే గెలిచింది. ఇది మన ప్రజల పరిణతికి నిదర్శనం.

మొదటి మెరుగుదల రెక్కలకు సంబంధించింది. ఐదు రెక్కలను రెండు ప్రాంతాలకు సమంగా పంచడం సాధ్యం కాదు. కాబట్టి ఆరో రెక్క మంజూరు చేశాం. మూడు రెక్కలు ఇక్కడి కొలిమిలోనూ, మూడు బెజవాడలోనూ పోత పోయించాం. ఇవి కాస్త లావు, అవి కాస్త పొడుగు అయ్యాయి. చక్రం తిరిగినప్పుడు కొన్ని ఇరుక్కుని, కొన్ని కొట్టుకుని, పంపులోంచి వడ్లు దంచుతున్నట్టు చప్పుడు వచ్చింది. కానీ సంఖ్య సమానం. ఎవరు లెక్కపెట్టుకున్నా సరిపోయింది, చాలామంది వచ్చి లెక్కపెట్టుకున్నారు కూడా.

తర్వాత నీళ్ల స్థానికత చర్చకు వచ్చింది. బావిలో ఉన్నవన్నీ ఇక్కడి నీళ్లేనా, సరూర్‌నగర్ చెరువులోంచి ఊరిన నీళ్లకు, నిన్నటి వానకు కురిసి దిగిన నీళ్లకు ఒకే హక్కు ఉంటుందా అన్నది సున్నితమైన సమస్య. అది తేలేవరకూ, తేలాక వాటాలు తేలేవరకూ, ఎవరికీ అన్యాయం జరగకుండా ట్యాంకు నల్లాలన్నిటికీ సీలు వేశాం.

రెండో మెరుగుదల పంపు చరిత్రలోనే గొప్పది. చక్రం ఎప్పుడూ బస్తీ వైపు నుంచి కాలనీ వైపుకే ఎందుకు తిరగాలి? పొద్దున అలా తిరిగితే మధ్యాహ్నం ఇలా తిరగాలని పటేల్ అన్నాడు. న్యాయమే అన్నారు వెంకటేశ్వరరావుగారు. మోటారు రెండు వైపులా తిరిగేలా పట్టాభి స్విచ్చి బిగించాడు. ఈ రకం పంపు ఎదురు తిప్పితే నీళ్లు కూడా ఎదురు నడుస్తాయని అతను ఒక మాట చెప్పాడు గాని, అప్పటికే సన్మానానికి శాలువాలు వచ్చేశాయి. పొద్దున ఎక్కిన నీళ్లు సీలు వేసిన ట్యాంకులో నిండుగా కూచునేవి. మధ్యాహ్నం అవే నీళ్లు గొట్టంలో దిగి బావిలోకి వెళ్లిపోయేవి.

“సారూ, పొద్దుగాల్ల ఎక్కిన నీళ్లు పగటీలి దిగుతున్నయి. గీ ముచ్చట ఏంది?” అని రెబెక్క నన్ను ఆపి అడిగింది.

ఒక్క చుక్క వృథా కావడం లేదు కదమ్మా అని వివరించాను. ఆమె చంకలో ఖాళీ బిందె ఉంది. దాన్ని రెండో చంకకు మార్చుకుని చెరువు కాలవ వైపు వెళ్లిపోయింది. అప్పటికే బస్తీ అంతా ఆ కాలవ నీళ్లే తాగుతోంది. కాలనీవాళ్లు కొందరు నాగోలు తోటల్లోంచి బండిమీద నీళ్లు తెప్పించుకునేవారు, బండి రాని రోజు వాళ్లూ కాలవ నీళ్లే కాచుకునేవారు.

వాయువుల విభాగంలో కూడా మంచి ఫలితాలు వచ్చాయి. బావిలోకి దిగవలసిన నీళ్లు దిగిపోయాక పంపు ట్యాంకులోని గాలిని లాగి బావిలో వదిలేది. బావి గురక పెట్టేది. ఆ గాలి ఊరికే పోతోందని గమనించి సంఘం దాన్ని ప్రజోపయోగానికి మళ్లించింది. బంద్ రోజున కార్యకర్తలు సైకిళ్లకు గాలి తీయడానికి గొట్టం ఒక కొన వాడుకునేవారు. మర్నాడు సైకిళ్లవాళ్లు గాలి కొట్టుకోవడానికి రెండో కొన వాడుకునేవారు. రెండు పక్షాలకూ ఒకే యంత్రం సేవచేయడం చూసి పట్టాభి కళ్లు చెమర్చాయి. ‘ఉభయతారక మోడల్’ అని పేరు పెట్టి షెడ్డు ముందు బోర్డు రాయించాడు. ఊరూరా ఈ పంపునే సిఫార్సు చేస్తామని అధ్యక్షులిద్దరూ మాటిచ్చాక, చెప్పదలుచుకున్న విషయాలు చాలావరకు చెప్పడం మానేశాడు.

ఒకరోజు లావు రెక్క ఒకటి గట్టిగా ఇరుక్కుంది. పట్టాభి పంపును బావిగట్టు మీద పెట్టి మూత తీశాడు. సంఘం సభ్యులందరం చుట్టూ చేరాం. జంగయ్య పటేల్ వంగి లోపలికి చూశాడు.

“గీ చక్రం నడిమిట్ల లేదేంది? కాలనీ దిక్కు జరిగున్నది!”

పట్టాభి కంగారుపడి డబ్బాను అటు తిప్పి పెట్టాడు. ఇప్పుడు చక్రం బస్తీ వైపు ఒరిగింది. వెంకటేశ్వరరావుగారు లేచి, తమకు ఇంతకాలం జరిగిన మోసానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదన్నారు.

“అయ్యా, అది ఒక పక్కకి ఉంటేనే లాగుతుందండీ” అన్నాడు పట్టాభి. “నడిమధ్యన పెడితే అన్ని పక్కలా ఒకే చోటు. రెక్కలు పట్టిన నీళ్లనే పట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి. లోపలికొచ్చేదీ ఉండదు, బయటికెళ్లేదీ ఉండదు.”

“అంటే ఒక పక్కకి ఒరిగితే గాని పని జరగదంటావు” అన్నారు వెంకటేశ్వరరావుగారు. “పరిపాలనలోనే ఒప్పుకోని ఈ సిద్ధాంతాన్ని పంపులో ఎలా ఒప్పుకుంటాం?”

“గీ ఒక్క మాట సారు కరెక్టుగ చెప్పిండు” అన్నాడు పటేల్.

రెండు వైపుల నుంచీ ఒకేసారి చప్పట్లు వినబడ్డాయి. చక్రాన్ని నడిమధ్యన బిగించారు. ఇది మూడో మెరుగుదల. స్విచ్చి వేయగానే పంపు పిల్లిలా తిరిగింది. చప్పుడు లేదు, అదురు లేదు. పొద్దున ఎటు తిరిగినా, మధ్యాహ్నం ఎటు తిరిగినా ఒకే ఫలితం. నీళ్లు ఎటూ కదల్లేదు. అదే ఊపులో వాటాల సమస్య కూడా తేల్చేశాం. వచ్చిన నీళ్లు చెరి సగం అని రాసుకుని, బ్యాండు మేళంతో నల్లాల సీళ్లు విప్పాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరో గొణిగారు. కానీ ఆ రోజు నుంచి వాటాల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని గర్వంగా చెప్పగలను.

ఆ వారంలోనే బస్తీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. యెహెజ్కేలు పడిపోయాడు. ఇటుకలు మోసే మనిషి, మంచంలో చూస్తే మనిషి కాదు, పరిచిన దుప్పటే అనిపించాడు. దవాఖానలో మందిచ్చి, మంచినీళ్లు కాచి చల్లార్చి తాగిస్తూనే ఉండాలనీ, ఆపితే మనిషి దక్కడనీ చెప్పి పంపారు. రెబెక్క నేరుగా సంఘం సమావేశానికి వచ్చింది. తలమీద కొంగు కూడా సరిగా లేదు.

“సారూ, పటేలా, మీ పంపు మీకే ఉండనియ్యున్రి. దాన్ని నేనేం అంట లేను. నాకు గిలక ఇయ్యున్రి, జాలీ తాళం తియ్యున్రి. నీళ్లు కండ్లకు కనవడుతున్నయి. ఒంగి చూస్తె నా మొఖం గుడ కనవడుతున్నది. చేతికే అందుతలేవు. కాలువ నీళ్లు ఎంత కాచినా వాసన పోతలేదు, మా ఆయన నోట్లె పోస్తె కక్కుతున్నడు. మనిషి పోయేటట్టున్నడు. మీ కాళ్లు మొక్కుత.”

గదిలో అందరం కదిలిపోయాం. జంగయ్య పటేల్ లేచాడు. “ఈ చెల్లె కన్నీళ్లు ఒక్క చెల్లె కన్నీళ్లు కావు. యావత్తు ప్రాంతం కన్నీళ్లు!” అన్నాడు. వెంకటేశ్వరరావుగారు ఆయనకు తీసిపోలేదు. “యెహెజ్కేలు దాహం కేవలం యెహెజ్కేలు దాహం కాదు. ప్రాంతాలకు అతీతమైన మానవ దాహం!” అన్నారు. రెండు ప్రసంగాలూ బాగున్నాయి. నేను పూర్తిగా రాసుకున్నాను.

ఇక తాళాల విషయం. వెంకటేశ్వరరావుగారు ముందు తీస్తే తాను తీస్తానన్నాడు పటేల్. పటేల్ ముందు తీస్తే తనకు క్షణం పట్టదన్నారు వెంకటేశ్వరరావుగారు. ముందు తీసినవాడు లొంగిపోయినవాడి కింద లెక్క అని రెండు పక్షాల కార్యకర్తలూ అభిప్రాయపడ్డారు. ఒకేసారి తీద్దామంటే, ఒకేసారి అని ఎవరు ముందు అనాలన్న ప్రశ్న వచ్చింది. అధ్యయనం చేయడానికి ఉపసంఘం వేశాం. రెబెక్కను కూడా సభ్యురాలిగా తీసుకుందామని నేను సూచించాను. చూసేసరికి ఆమె లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా రెబెక్క బిందె పట్టుకుని బావి దగ్గర నిలబడటం మా ఇంటి కిటికీలోంచి చూశాను. తాళాలు అలాగే ఉన్నాయి. వెనకటిలాగే తర్వాత వచ్చే మనిషి కోసం నిలబడినట్టుంది.

వచ్చింది సూర్యప్రభమ్మ. ఒక చేతిలో గంప, గంపలో ఇనప గిలక, చేంతాడు. ఊడదీసినప్పటి నుంచీ అవి వెంకటేశ్వరరావుగారి మంచం కింద అధికారిక భద్రతలో ఉన్నాయి. రెండో చేతిలో పచ్చడిబండ.

“ఎలా ఉన్నాడే మీ ఆయన?”

“ఉన్నడు ప్రభమ్మా. రాత్రి నా పేరు మర్సిపోయిండు.”

సూర్యప్రభమ్మ గంప కింద పెట్టారు. జాలీ ముందు కూచుని తన భర్త తాళాన్ని బండతో కొట్టారు. అది పాతకాలం అలీగఢ్ తాళం, మూడు నాలుగు దెబ్బలకు గాని నోరు తెరవలేదు. బండ రెబెక్క చేతికిచ్చారు.

“అది మీ పటేల్‌ది. నువ్వు కొట్టు.”

“కిరాయి గుడిసె ప్రభమ్మా, బయటికి వెళ్లగొడ్తడు.”

“మా వరండా ఖాళీగానే ఉందిగా. కొట్టు ముందు.”

రెబెక్క కొట్టింది. ఇద్దరూ జాలీ ఎత్తి పక్కన పడేసి, దూలానికి గిలక తగిలించి, గట్టుపక్కన బోర్లించి పడేసిన పాత బొక్కెనకు చేంతాడు కట్టి వదిలారు. బొక్కెన నీళ్లలో పడ్డ చప్పుడుకి రెండు వైపులా తలుపులు తెరుచుకున్నాయి. చేంతాడు మీద నాలుగు చేతులు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ ఉంటే గిలక కీచుమంది. మొదటి బొక్కెన నీళ్లు మొత్తం రెబెక్క బిందెలోనే పోసి పంపించారు సూర్యప్రభమ్మ. కిటికీలోంచి చూస్తున్న నేను నాకు తెలియకుండానే ‘లాగండమ్మా’ అన్నాను. అది నా సొంత విషయం, సంఘానికి సంబంధం లేదు. కాసేపట్లో బావి చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఎవరు ముందొస్తే వాళ్లు, తర్వాత వచ్చినవాళ్లతో జోడు పడి లాగుతున్నారు. ఎండ ముదిరేసరికి కాలనీలోనూ బస్తీలోనూ నిండని బిందె లేదు. యెహెజ్కేలు నోట్లో పోసిన నీళ్లు నోట్లోనే నిలిచాయి. మధ్యాహ్నానికి ‘రెబెక్కా’ అని పిలిచాడట.

సంఘం ఆ మధ్యాహ్నమే అత్యవసరంగా సమావేశమైంది. ఇంతటి ఐకమత్యాన్ని నేను నా జీవితంలో చూడలేదు. వెంకటేశ్వరరావుగారు, పటేల్ ఒకే బెంచీ మీద కూచున్నారు. ఒకరి మాట మరొకరు పూర్తిచేశారు. ఉమ్మడి ఆస్తి ధ్వంసం, సంఘం అనుమతి లేకుండా నీళ్లు తోడటం, పంపును అవమానపరచడం అనే అభియోగాలతో ఇద్దరు ఆడవాళ్ల మీదా ఠాణాలో ఫిర్యాదు ఇవ్వాలని తీర్మానించాం. ఆ రోజు సూర్యప్రభమ్మ బిందెమీద పసుపునీళ్లు కూడా చల్లలేదని విచారణలో తేలింది. అది కూడా చేర్చాం. సంఘం పుట్టాక ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే. సొంత భార్య అని కూడా చూడకుండా వెంకటేశ్వరరావుగారు మొదటి సంతకం పెట్టారు. పెట్టేముందు, పొద్దున ఇంట్లో కాఫీ చాలా బాగా కుదిరిందని నాతో అన్నారు. మంచినీళ్ల కాఫీ తాగి చాలా రోజులైందట.

ఠాణాలో చిన్న ఇబ్బంది వచ్చింది. అక్కడ రెండు గదులున్నాయి. ఉద్యమం చేసేవాళ్లకు ఒకటి, ఉద్యమాన్ని ఎదిరించేవాళ్లకు ఒకటి.

“మీరిద్దరూ ఏ పార్టీ?” అని ఎస్సై అడిగాడు.

“ఒక్కటే బొక్కెన సార్” అంది రెబెక్క.

కలిసి వచ్చినవాళ్లను పెట్టే గది లేదు. ఒకచోట ఉంచితే శాంతిభద్రతలకు భంగమని ఎస్సై ఇద్దరినీ చెరో గదిలో కూచోబెట్టాడు. సాయంత్రందాకా వాళ్లు గోడకు అటూ ఇటూ కూచుని, యెహెజ్కేలుకు గంజి ఎవరు కాస్తారా అని మాట్లాడుకున్నారట. రాత్రికి వదిలేశారు. కేసు మాత్రం నడుస్తుంది. గిలక, చేంతాడు, పచ్చడిబండ సాక్ష్యం కింద ఠాణాలో జమ అయ్యాయి. జాలీకి సంఘం కొత్త తాళాలు వేసింది, ఈసారి గట్టివి. రెబెక్కను గుడిసె ఖాళీ చేయమని పటేల్ కబురుపెట్టాడు.

ఫిర్యాదు కింద ప్రజల సంతకాలు కావాలన్నారు. ఆ పని నామీద పడింది. వాళ్లు ఇంకా ఠాణాలో ఉండగానే ఇల్లిల్లూ తిరిగాను. నీళ్లొచ్చిన రోజు కాబట్టి అందరూ ఇళ్లలోనే దొరికారు. కొందరు పిల్లలకు తలంట్లు పోస్తున్నారు, కొందరు బట్టలు పిండుతున్నారు. తడిచేతులు తుడుచుకుని కాలనీవాళ్లు సంతకాలు పెట్టారు, బస్తీవాళ్లు చాలామంది వేలిముద్రలు వేశారు. ఎండన పడి వచ్చానని ప్రతి ఇంట్లోనూ నాకో గ్లాసు నీళ్లిచ్చారు. తియ్యగా ఉన్నాయి. ఇంతకీ వాళ్లు చేసిన తప్పేమిటని నన్ను ఒక్కరూ అడగలేదు. ఆ పూట మీరు అక్కడుంటే తప్పకుండా అడిగేవారు, నాకా నమ్మకం ఉంది. ఇలాంటిది ఇంకెక్కడైనా జరిగి ఉంటే తాము తప్పకుండా అడిగేవాళ్లమని, సంతకం పెట్టి కలం నా చేతికి తిరిగిస్తూ వాళ్లు కూడా అన్నారు.